బొట్టు దాకా లేచిన గీత

గాదిలింగప్ప మీద నాకున్న అసూయ నా పెళ్లి కంటే పాతది. పెళ్లిలోనైనా ఒడిదుడుకులు వచ్చాయి గాని, ఈ అసూయకు ఒక్కనాడూ రాలేదు. అది ఎప్పుడో చల్లారిపోయిందని నన్ను నేను నమ్మించుకుని బతుకుతూ ఉన్నాను. ఈ మధ్య ఇంటికి సున్నం కొట్టించాలని నా భార్య అటక మీది సామానంతా కిందికి దింపించింది. ఆ సామానులోంచి ఒక పౌడరు డబ్బా తీసి నా ముందు పెట్టి, "ఇదేంది, లోపల గాజుది ఏదో ఉండాది. పారేద్దామా?" అని అడిగింది. నేను డబ్బా తీసుకుని మూత తిప్పాను. లోపల పత్తి. పత్తి నడుమ పసిబిడ్డలా పడుకుని ఒక గాజు గొట్టం. పెన్సిలంత లావు, జానెడు పొడవు, అడుగున మూడు తీగలు. పౌడరు వాసన ఏనాడో పోయింది. పత్తిగింజల నూనె వాసన మాత్రం మిగిలి ఉంది. ఆ వాసన మా నాయనది.

మా నాయన బళ్లారిలో పత్తిగింజలు తీసే జిన్నింగు మిల్లులో పని చేసేవాడు. సాయంత్రం మా ఊరు మోకలో బస్సు దిగేసరికి తలమీద, కనుబొమల మీద, చెవి వెంట్రుకల మీద తెల్లటి దూది పట్టి ఉండేది. వాకిట్లో నిలబడి తువ్వాలుతో దులుపుకునేవాడు. ఎండబెట్టిన మిరపకాయలను అమ్మ అప్పటికి కుప్పకు తోసి ఉండేది గనుక, దూదీ ఘాటూ కలిసి అందరం తుమ్మేవాళ్లం. తుమ్ములయ్యాక నీళ్లు పోసుకుంటూ పద్యం ఎత్తుకునేవాడు. ఏటా మా ఊరి నాటకంలో రాజు వేషం ఆయనదే. స్నానాల గది అనేదేమీ లేదు, వెనకవైపు మూడు బండలు, ఒక తడిక. ఆ తడిక చాటునుంచి ఆయన రాగం తీస్తే వీధి చివర కిరాణా అంగడి అప్ప తక్కెడ పట్టుకున్న చెయ్యి ఆపేవాడు. గొంతు అంత పెద్దది. మాటలు మాత్రం తక్కువ. ఎవరి పని నచ్చినా నోటితో చెప్పడం ఆయనకు రాదు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఒక వక్క తీసి, అడకత్తెరలో పెట్టి రెండు ముక్కలు చేసి, ఒకటి తన నోట్లో వేసుకుని రెండోది ఆ మనిషి చేతిలో పెట్టేవాడు. బావి తవ్వినవాడికి, దూడను ప్రాణంతో బయటికి తీసినవాడికి, బాగా హార్మోనియం వాయించినవాడికి ఆ సగం వక్క దక్కేది. నాకు ఎప్పుడూ దక్కలేదు. వక్కంటే నాకు ఇష్టమని కాదు, నమిలితే దవడ నొచ్చేది. అయినా దాని కోసం ఎదురు చూడని రోజు లేదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మిగిలిందంతా లైబ్రరీలో చదువుకున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు ఈ వయసులోనూ సిగ్గు లేదు, గర్వమే ఉంది. వారానికి రెండుసార్లు మోక బస్సెక్కి బళ్లారికి వెళ్లి పుస్తకాల మధ్య కూర్చునేవాణ్ణి. అక్కడి లైబ్రేరియను మెత్తటి మనిషే, కాని గుమ్మంలోనే నా చేతులు వాసన చూసి, "కారం చేతులు. తొళకొండు బా" అని కన్నడంలో చెప్పి, కడుక్కుని రమ్మని కుళాయి దగ్గరికి పంపేవాడు. మిరప ఘాటు సబ్బుకు పోయేది కాదు. రెండుసార్లు కడుక్కుని, చొక్కాకు తుడుచుకుని, ఆ చేతుల్నే చూపించి లోపలికి వెళ్లేవాణ్ణి. రేడియో గురించి, కరెంటు గురించి ఉన్న లావు పుస్తకాలు ఇంటికి ఇచ్చేవి కావు. అవి ఇంగ్లీషులో ఉండేవి. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో మధ్యాహ్నం ఖర్చుపెట్టి, పొడుగు నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాణ్ణి. బొమ్మల్ని స్కేలు పెట్టి గీసుకునేవాణ్ణి. అట్లాంటివి పదకొండు నోటుబుక్కులు అయ్యాయి.

గాదిలింగప్ప నాలుగో తరగతి దాటలేదు. వాళ్ల నాన్నకు మోకలో మైకుసెట్టు అంగడి ఉండేది. పెళ్లిళ్లకు, నాటకాలకు, కొత్త బోరింగు పూజలకు వాళ్ల హారన్లే కట్టేవారు. వాడు పాడైన రేడియోను చెవి దగ్గర పెట్టుకుని, డాక్టరు రొమ్ము విన్నట్టు విని, ఒకచోట వేలు పెట్టి "ఈడ" అనేవాడు. అక్కడే ఉండేది తప్పు. ఎందుకని అడిగితే, "ఏమో, ఈడ సప్పుడు సరిగ లే" అనేవాడు. ఆ 'ఎందుకు' నా దగ్గర ఉండేది, నోటుబుక్కులో, పేజీ నంబరుతో సహా. కాని ఊళ్లో ఎవరికీ ఎందుకుతో పని లేదు. రేడియో మోగితే చాలు.

ఒకరోజు వాడు సండూరు నుంచి గుడ్డలో చుట్టుకుని రెండు గాజు గొట్టాలు తెచ్చాడు. ఆ ఊరి గనుల ఆఫీసుల్లో పాతబడిన యంత్రాలను పాత సామాను కొనే గుజరీ అంగళ్లలో ముక్కలు చేస్తుంటారు. అక్కడ ఒక విదేశీ పెట్టెలోంచి ఊడదీసినవట. మా వాకిట్లో కూర్చుని, అమ్మ పెట్టిన బొరుగుల ఉగ్గాణి తింటూ వాటిని నా వైపు తోశాడు.

"హనుమంతూ, ఇవి ఏందప్పా? లైటనుకుందామంటే లైటు మాదిరి లే. నీ పుస్తకాలల్లో ఏమన్నా ఉండాదేమో సూడు."

"సూస్తాలే. ఒక నెల పట్టొచ్చు."

"నెలా? పుస్తకం నువ్వు సదువుతావా, అది నిన్ను సదువుతాదా?"

నెల పట్టలేదు, పదహారు రోజులు పట్టింది. దొరికిన నాటి సంతోషం ఇప్పటికీ నా వీపుకు గుర్తుంది, ఎందుకంటే లేచి నిలబడి వెనక బీరువాకు గుద్దుకున్నాను. ఆ గొట్టాల్లో నియాను గాలి ఉంటుంది. లోపలి సన్నటి తీగ వెంట నారింజ రంగు వెలుగు పట్టుకుంటుంది. లోపలికి పోయే కరెంటు పెరిగేకొద్దీ ఆ వెలుగు కింది నుంచి పైకి పాకుతుంది, తగ్గితే దిగుతుంది. జ్వరం చూసే గాజుకడ్డీలో పాదరసం లాగ అన్నమాట. శబ్దాన్ని కరెంటుగా మార్చి దీనికి ఇస్తే గొంతు ఎంత ఎత్తుకు లేచిందో కంటితో చూడవచ్చు. నాటకానికి రెండు మైకులుంటాయి, ఒకటి పాడేవాళ్లకు, ఒకటి హార్మోనియానికి. రెండు గొట్టాలు, రెండు గీతలు. ఏది దేన్ని మింగేస్తున్నదో ఆపరేటరుకు ముందే తెలుస్తుంది, హారను లోపలి పొర చిరగకుండా ఆపవచ్చు. ఇదంతా నేను చెబుతుంటే గాదిలింగప్ప నోరు తెరుచుకుని విన్నాడు. వాడు నన్ను అట్లా చూసింది ఆ ఒక్కసారే. ఆ చూపు కోసం ఇంకో పదహారు రోజులైనా బీరువాలకు గుద్దుకునేవాణ్ణి.

సర్క్యూటు నేను గీశాను. వాడు వాల్వుల ఆంప్లిఫయరులోంచి ఎక్కువ ఓల్టేజీ తీసి, నేను చెప్పిన రెసిస్టరు ముందు పెట్టి అతికించాడు. మొదటిసారి వెలుగు వచ్చింది గాని గాలిలో దీపంలా వణికింది. నేను నోటుబుక్కు తిరగేస్తూ ఉండగానే వాడు ఒక పాత రేడియోలోంచి కండెన్సరు ఊడబెరికి మధ్యలో పెట్టాడు. వెలుగు కుదుటపడి, నిదానంగా లేచి, నిదానంగా దిగింది. "పెరుగు సిలికినట్ల ఉండె, ఇప్పుడు పేరుకునింది" అన్నాడు. నేను ఆ పేజీకి రెండు రోజుల తర్వాత చేరుకున్నాను. అందులో అదే రాసి ఉంది.

గొట్టం పక్కన పెట్టడానికి ఒక కొలత పట్టీ కావాలి. ఆ పని నాది. పుస్తకంలో చూసి, సన్న కలంతో గ్రాఫు కాగితం మీద మూడు రోజులు గీశాను. అంకెలు పైకి పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి, అది లెక్క ప్రకారం. నా జీవితంలో అంత అందంగా గీసింది ఇంకోటి లేదు. దాన్ని గొట్టం పక్కన అంటించి చూస్తే ఒక్క అంకె కూడా కుదరలేదు. ఆ లెక్క ముల్లు మీటరుది, గొట్టానిది కాదు. ఆ సంగతి నాకు తెలిసింది ఒక ఆదివారం, అందరి ముందు, పక్కూరు రూపనగుడి బడిలో. నాటకం ఆ ఏడు రెండు ఊళ్లు కలిసి వేస్తున్నాయి, తాలీము, అంటే రిహార్సలు, అక్కడ జరుగుతున్నది. మధ్యాహ్నం పూట తలుపులు మూసి గది చీకటి చేశారు. మా నాయన మైకు ముందు నిలబడ్డాడు.

"పాడు మామా, బాగ ఎత్తి పాడు" అన్నాడు గాదిలింగప్ప.

మా నాయన ఎత్తాడు. గొట్టంలో నారింజ గీత లేచింది. రాగం పొడుగునా అది పైకీ కిందికీ ఊగింది, గాలి ఆడని గదిలో అదొక్కటే ఊపిరి తీస్తున్నట్టు. చివరి ఎత్తుకు పోయినప్పుడు బయట కట్టిన హారను కొంచెం చిర్రుమన్నది. గాదిలింగప్ప వెంటనే గొట్టం మీద వేలు పెట్టి ఆ ఎత్తును పట్టుకున్నాడు. తర్వాత నా కాగితాన్ని మెల్లగా ఊడదీసి నా చేతికిచ్చాడు.

"ఈ అంకెలు ఎవురు సదవాలప్పా? నేనా?"

గోడకున్న సరస్వతి పటం దగ్గరికి పోయి, పటానికున్న కుంకుమను తడి వేలికి అద్దుకుని వచ్చి, వేలు ఆనించిన చోట గాజు మీద బొట్టు పెట్టాడు. "మామ గొంతుకి హారను చిర్రుమనింది ఈడ. ఇది దాటితే తగ్గించల్ల. అంతే." అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. హార్మోనియం మేష్టారైతే లేచి వచ్చి బొట్టుకు దండం పెట్టాడు. మా నాయన నడుము సంచి విప్పాడు. అడకత్తెర చప్పుడు విన్నాను. సగం వక్క గాదిలింగప్ప చేతిలో పెట్టాడు.

వాడు దాన్ని దవడకు వేసుకుని, "హనుమంతు సెప్పిందే మామా ఇదంతా" అన్నాడు. నిజం చెప్పాలంటే అన్నాడు. మా నాయన తల ఊపి, "పుస్తకంలో ఉన్నది సెప్పినాడు. సెయ్యి నీది" అన్నాడు. నా చేతిలో ఆ కాగితం ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాను.

రెండో గొట్టం బిగించే పని అప్పటికి మిగిలి ఉంది. దాని కొలతకు సరిపోయేలా 'హార్మోనియం' అని పేరు అందంగా రాసి ఇవ్వమని గాదిలింగప్ప దాన్ని నా చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చి, మిల్లు పత్తిలో చుట్టి, అమ్మ ఖాళీ పౌడరు డబ్బాలో పెట్టి అటకెక్కించాను. మర్నాడు ఒక కాలిపోయిన బల్బు పగలగొట్టి, ముక్కలు కాగితంలో కట్టుకుని పోయి, చెయ్యి జారిందని చెప్పాను. గాదిలింగప్ప కాగితం విప్పి ముక్కల్ని చూశాడు. నా చేతుల్ని తిప్పి చూశాడు. "పోనీలే, సెయ్యి తెగలేదు కదా" అన్నాడు. ఆ మంచితనం వాడు చేసిన అన్నిటికంటే పెద్ద అన్యాయంగా తోచింది నాకు.

నాటకం నాడు గొంతుకు మాత్రమే గీత ఉంది. హార్మోనియానికి లేదు, దాన్ని అంచనాతో నడిపారు. మేష్టారు ఉత్సాహం మీదున్నాడు. మా నాయన ఆఖరి పద్యం ఎత్తుకున్నప్పుడు హార్మోనియం ఆయన గొంతును మింగేసింది. వెనక కూర్చున్నవాళ్లకు ఆయన నోరు కదలడం కనిపించింది, అంతే. ఇంటికి వచ్చి ముఖానికున్న రంగు కొబ్బరినూనెతో తుడుచుకుంటూ, "ఆ రెండోది పగలకుండా ఉండుంటే బాగుండు" అన్నాడు. ఆయన తల మీద సరిగ్గా మూడు మూరల ఎత్తులో, అటక మీద ఉంది అది. నేను తువ్వాలు అందించాను. ఆ తర్వాతి ఏడు ఆయనకు దూది ఉబ్బసం పట్టింది, గొంతు పోయింది. మళ్లీ వేషం కట్టలేదు.

నేను బళ్లారిలో ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాను, ఇతరులు రాసిన దాంట్లో తప్పులు పట్టుకుంటూ ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. కాపురం బళ్లారికి మార్చినప్పుడు పాత సామానుతో పాటు ఆ డబ్బా కూడా వచ్చి మళ్లీ అటకెక్కింది. గాదిలింగప్ప మైకుసెట్టు పెరిగింది. ఇప్పుడు జనరేటరు లారీ, ఇంటి గోడలంత బాక్సులు, వెయ్యి దీపాల మిక్సర్లు. వాడి పేరు చెబితే సండూరు దాకా తెలుసు. నేను లైబ్రరీలో పదహారు రోజులు వెతికిన సంగతి ఇప్పుడు ఫోనులో వేలు ఆనిస్తే వస్తుంది. డబ్బా దొరికిన రోజే చూశాను. యాడనో చలిదేశంలో ఒక పిల్లాడు ఇట్లాంటివే రెండు గొట్టాలు చెక్కపెట్టెలో నిలబెట్టి, పాటకు ఎగిరేలా చేసి చూపించాడు. లక్షలమంది చూశారట. అతని కొలత పట్టీ అంకెలు సరిగ్గా కుదిరాయి. అతని మీద కూడా అసూయ పడ్డాను. నాలో ఉన్న అసూయకు కరువు లేదు, కొంచెం అటు పంపినా నాకు తగ్గదు.

మర్నాడే డబ్బా సంచిలో పెట్టుకుని మోక బస్సెక్కాను. చెప్పాల్సిన మాట దారిపొడుగునా తయారు చేసుకున్నాను. అంగట్లో గాదిలింగప్ప బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్లలో నీరు దిగుతుందట.

"రాప్పా, కూకో. ఏంది ఇట్ల వస్తివి?"

"సండూరు గుజరీలో దొరికింది" అన్నాను. తయారు చేసుకున్న మాట అదే. "మన పాతదాని జత. నీకి పనికొస్తాదేమోనని."

వాడు గొట్టాన్ని వెలుగుకు పెట్టి చూశాడు. పత్తిని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. లేచి, గూట్లోంచి గుడ్డ కప్పిన పాత ఆంప్లిఫయరును దింపాడు. ముందుపలక మీద మొదటి గొట్టం ఇంకా ఉంది. ఇన్నేళ్ల పనికి లోపలి గాజు పొగ పట్టినట్టు నల్లబడింది. దాని మీద ఎర్రటి బొట్టు. కుంకుమ నిలవదని, ఎద్దుల పండగ కార పున్నానికి కొమ్ములకు పూసే రంగుతో ఏటా ఆయుధపూజ నాడు దిద్దుతాడట.

"మా పిల్లోల్లకి ఇదే సెప్తా. ఎన్ని లైట్లన్నా ఉండనీ, కొత్త బాక్సు వస్తే మొదలు దీనికి పెట్టి సూడాల్సిందే. మీ నాయన బొట్టు దాటకూడదు."

మా ఇంట్లో మా నాయన ఫోటో ఒకటుంది, చెప్పులు రెండున్నాయి. గొంతు ఎక్కడా లేదు. అది ఇక్కడ ఉంది, వీడి అంగట్లో, గాజు మీద. ఇంతకాలం ఈ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ మా నాయన గొంతు ఎత్తుకు లోబడి జరిగాయి. అది నాకు తెలియనైనా తెలియదు.

రెండో గొట్టం బిగించి స్విచ్చి వేస్తే వెలగలేదు. వాడు పెదవి విరిచాడు. "సీకట్లో ఏండ్లకేండ్లు ఉన్న నియానుకు మొదట వెలుగు సూపించాల, లేకుంటే అంటుకోదు" అన్నాను. అది నా ఏడో నోటుబుక్కులోది. వాడు ఫోను దీపం దాని మీద పట్టాడు. రెండు క్షణాలకు అడుగున నారింజ చుక్క మెరిసింది, తళతళమని, కొత్త పెళ్లికూతురిలా. పక్కనున్న పాత గొట్టం దాని ముందు వెలవెలబోయింది.

"ఎంత బాగ ఎలుగుతాదో సూడు" అన్నాడు గాదిలింగప్ప. "వాడనిది కదా."

తర్వాత మైకు నా చేతిలో పెట్టాడు. "దీనికీ ఒక బొట్టు పెట్టల్ల. ఏమన్నా మాట్లాడు."

మైకు పట్టుకున్నాను. తయారు చేసుకున్న మాట అయిపోయింది. మిగిలింది ఒకటే. "ఇది గుజరీలో దొరకలేదు. ఆ పొద్దు నేను పగలగొట్టలేదు. దాచిపెట్టినాను" అన్నాను.

వాడు నా ముఖం చూడలేదు. గొట్టాన్నే చూస్తున్నాడు. "లెవెల్ రాలే. గొణిగితే యాడ లేస్తాది? గట్టిగా సెప్పు."

"నేనే దాచినా" అని అరిచాను. "నాయన నీకి వక్క ఇచ్చినాడని దాచినా."

అంగడి పైకప్పు మీద కట్టిన హారను ఆ మాటను మోక బస్టాండు దాకా మోసింది. ఎదురుగా టీ తాగుతున్నవాళ్లు తలలెత్తి చూశారు. గాదిలింగప్ప ఒక వేలు గొట్టం మీద ఆనించి, రెండో చేత్తో రంగు సీసా మూత తీసి, పుల్లతో చుక్క పెట్టాడు. కొంచెం వెనక్కి వాలి రెంటినీ పోల్చి చూశాడు.

"సాలప్పా. మీ నాయనంత రాదు గాని, ఊరికంతా వినపడె."

వాడి నడుము వైపు చూశాను, వక్కల సంచి ఏమైనా ఉందేమోనని. లేదు. రంగు ఆరేదాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. నా బొట్టు మా నాయన బొట్టుకు నాలుగు వేళ్లు కింద ఉంది.